పళ్లెం పిన్ని వేలు

నారింజ ముక్కలు పంచదారలో కరిగి, బాణలిలో బుడగలు చిన్నచిన్నగా లేస్తున్నంతసేపూ పళ్లెం పిన్ని నోరు ఊరుకోదు. చేతిలో తెడ్డు తిరుగుతూనే ఉంటుంది, నోట్లో కబుర్లు తిరుగుతూనే ఉంటాయి. ఎవరింటి పెళ్లిలో ఎవరు అలిగారో, ఏ ఏడాది ద్రాక్ష పుల్లగా వచ్చి ఎంత ఏడిపించిందో, అన్నీ ఆ ఆవిరిలోనే చెబుతుంది. బుడగలు పెద్దవై, బద్ధకంగా, ఒక్కొక్కటీ ఆలోచించుకుని పగులుతున్నట్టు పగలడం మొదలయ్యాక మాత్రం మాట ఆపేస్తుంది. ఆ సమయంలో ఆమెను పలకరించి బాగుపడ్డవాళ్లు ఆ జామ్ కార్ఖానాలో ఎవరూ లేరు.

ఆ ఉదయం కూడా అంతే. మాట ఆపి, ఫ్రిజ్‌లోంచి తెల్లటి పింగాణీ పళ్లెం తీసింది. తెడ్డు అంచు నుంచి ఒక్క చుక్క జారవిడిచింది. ఆవిరి పట్టిన కళ్లద్దాలను నుదుటి మీదికి తోసుకుని, కుడిచేతి చూపుడువేలితో ఆ చుక్కను మెల్లగా ముందుకు నెట్టింది. చుక్క ముందు చల్లారిన పాల మీగడలా సన్నటి ముడతలు లేచాయి. ముడత పడిందంటే జామ్ అయినట్టు. పడకపోతే ఇంకాస్త ఉడకాలన్నమాట. ఇంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు కానీ, ఆ ముడత ఏ క్షణాన పడుతుందో పిన్నికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఆ పళ్లెం వల్లే ఆమెకు ఆ పేరు. ఆమె కంటే వయసులో పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు.

"మంట ఆపండి," అంది.

తరువాత ఆ వేలు నోట్లోకి వెళ్లింది. పిన్ని పంపింది అనడానికి లేదు, దారి తెలిసిన గేదె ఇంటికి చేరినట్టు అదే వెళ్లింది.

కార్ఖానా అంటే పెద్దదేం కాదు. ఒక పొడుగాటి గది, మూడు పొయ్యిలు, కిటికీ కింద సీసాలు కడిగే తొట్టి, అవతలి గోడ పక్కన మూతలు బిగించి చీటీలు అంటించే బల్ల. తొట్టి దగ్గర ఉండేది సీసాలక్క. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తడిచేతులతో ఉంటుంది. పిన్ని ఎంత మాట్లాడితే ఆమె అంత తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడిన ఒక్క మాటా మాత్రం సూదిలా దిగుతుంది.

"ఇవాళ క్లినిక్‌కి వెళ్లాలన్నావు. పరగడుపున రమ్మన్నారా?" అని అడిగింది తొట్టి దగ్గర నుంచి.

"పరగడుపునే ఉన్నాను అక్కా. పొద్దుట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు."

సీసాలక్క ఒక సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. సీసా మీదుగా పిన్ని వేలి వైపు ఒకసారి చూసి, మళ్లీ తొట్టిలోకి వంగింది.

సంగతేమిటంటే, పోయిన వారం వీధి చివర పరీక్షల బండి ఒకటి ఆగింది. పనిచేసేవాళ్లందరికీ రక్తంలో షుగరు చూస్తారని పెద్దాయన, అంటే కార్ఖానా యజమాని, ఒక్కొక్కరినీ పంపాడు. బండిలోని మనిషి వేలు చాపమంటే పిన్ని కుడి చూపుడువేలు చాపింది. ఏ పనికైనా ఆమెకు మొదట ముందుకొచ్చేది అదే. స్పిరిట్ దూదితో తుడిచాడు, గుచ్చాడు, చిన్న మెషిన్‌లో చుక్క పెట్టాడు. రెండు వందల ఎనభై తొమ్మిది వచ్చింది. "షుగరుందమ్మా మీకు. ఒక్క చుక్కతో తేల్చకూడదు, క్లినిక్‌లో సరైన పరీక్ష చేయించుకోండి," అన్నాడు. అతను చెప్పిన రెండో మాట ఎవరికీ వినపడలేదు. మొదటి మాట మాత్రం ఆమె కంటే ముందే కార్ఖానాకు చేరింది.

ఇంట్లో ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. పిన్ని మొగుడు దర్జీ. ఇంటి ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. వార్త వినగానే పంచదార డబ్బాను తీసుకెళ్లి బొత్తాల పెట్టెలో దాచి, ఎక్కడ దాచాడో మరునాటికే మరిచిపోయాడు. తనూ చక్కెర లేని టీ తాగడం మొదలుపెట్టాడు. ప్రతి గుక్కకూ ఎవరో తన చెవి మెలిపెడుతున్నట్టు ముఖం పెట్టేవాడు. "నాకోసం మీరెందుకు ఆ శిక్ష వేసుకోవడం?" అని పిన్ని నవ్వితే, "నవ్వకు. నవ్వితే ఇంకా చేదుగా ఉంది," అనేవాడు.

పిన్నికి నవ్వురానిది ఒక్క మాట దగ్గర. పెద్దాయన మంచి మనిషే. మంచిగానే అన్నాడు. "రిపోర్టు రానీ పిన్నీ. అవసరమైతే మూతల బల్ల దగ్గర కూర్చుందువుగాని, హాయిగా." ఆ హాయిగా అన్నదే ముల్లులా దిగబడింది. పిన్ని వాళ్లమ్మ ఒక హాస్టల్లో వంట చేసేది. షుగరొచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు, కాలివేలికి పుండై ఆ వేలు తీసేశారు. పొయ్యి దగ్గర నిలబడలేదు కదా అని గుమ్మం పక్కన కుర్చీ వేసి హాయిగా కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఆమె రోజురోజుకూ చిన్నదైపోయింది. ఒక మధ్యాహ్నం బఠానీలు ఒలుస్తూ ఒలుస్తూ ఒళ్లో గిన్నె అలాగే ఉండగా పోయింది. గిన్నెలో గింజ ఒక్కటి కూడా ఒలకలేదు. పిన్నికి ఆ గిన్నె గుర్తొచ్చినప్పుడల్లా తెడ్డును కాస్త గట్టిగా పట్టుకుంటుంది. బాణలి దగ్గర నుంచి తనని లేపేస్తే తనకూ ఒక కుర్చీ వేసినట్టే.

నారింజ సీసాల్లోకి వెళ్లాక, తెల్లకోటు విప్పి మేకుకు తగిలించి, క్లినిక్‌కు బయలుదేరింది.

రక్తం తీసే అమ్మాయి బక్కపలచని పిల్ల. జడను కోటు కాలరులోకి దోపుకుని, గొట్టాల మీద పేర్లు రాస్తోంది. పిన్ని కూర్చుని, అడగకుండానే కుడి చూపుడువేలు చాపింది.

"వేలు కాదు పిన్నిగారూ, చెయ్యి కావాలి. పరగడుపునే వచ్చారా?"

"ఆఁ. రాత్రి కూడా పెందలాడే తిన్నాను."

"మరి గడ్డం మీద అదేంటి?"

పిన్ని తడుముకుంది. నారింజ తొక్క పోగు ఒకటి, దారం ముక్కంత, గడ్డానికి అంటుకుని ఉంది.

"అదా. జామ్."

"జామ్ తిన్నారా?"

"తినలేదమ్మా. నాకాను."

అమ్మాయి సూదిని మెల్లగా ట్రేలో పెట్టింది. "నాకితే తిన్నట్టు కాదా?"

"ఎందుకవుతుంది? తినడమంటే కుదురుగా కూర్చోవాలి, ముందర పళ్లెం ఉండాలి..." అని పిన్ని ఆగింది. కాసేపు తన వేలి వైపు చూసుకుంది. "పళ్లెం ఉంటుందనుకో," అంది.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక గొట్టాల స్టాండు సర్దినట్టు నటించింది. అంతలో ఏదో తట్టి ఇటు తిరిగింది. "పోయిన వారం బండిలో గుచ్చింది ఏ వేలికి?"

పిన్ని ఆ వేలినే ఎత్తి చూపింది. కిటికీ వెలుతురులో దాని చివర లక్క పూసినట్టు మెరుస్తోంది. ముట్టుకుంటే అమ్మాయి వేలు అతుక్కుంది.

"ఉండండి, కడుక్కోకండి," అని లోపలికి వెళ్లి చిన్న మెషిన్ తెచ్చింది. ముందు ఆ వేలికే దూది రుద్ది గుచ్చింది. మెషిన్ మూడు వందలు దాటించింది. అప్పుడు అమ్మాయి ఆమెను కుళాయి దగ్గరకు తీసుకెళ్లి, గోరువెచ్చటి నీళ్లతో, సబ్బుతో రెండు చేతులూ కడిగించి, శుభ్రంగా తుడిపించి, ఎడమచేతి ఉంగరం వేలికి గుచ్చింది. నూట పద్దెనిమిది.

"చూశారా? మొదటిది మీ జామ్ షుగరు. ఇది మీది."

"దూదితో తుడిచావు కదే."

"ఆ జిగురు దూదికి లొంగుతుందా? సబ్బూ నీళ్లూ ఉండాలి. బండిలో మెషిన్ మీ రక్తాన్ని కాదు, మీ పనితనాన్ని చూసింది."

పిన్ని నవ్విన నవ్వుకు బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. వారం రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. చెంగుతో కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది. "అయితే నాకేం లేదు. వెళ్లొస్తాను తల్లీ."

"కూర్చోండి. వేలి చుక్క ఈ క్షణం సంగతే చెబుతుంది. మూడు నెలల సంగతి చెప్పే పరీక్ష వేరే ఉంది. దానికి పరగడుపు అక్కర్లేదు. రక్తంలో ఎర్ర కణాలుంటాయి కదా, తిరిగినంతకాలం వాటికి తీపి అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటుకుందో చూసి, ఈ రెండు మూడు నెలలు సగటున ఎలా ఉన్నారో చెబుతాం. అది కడిగితే పోదు."

పిన్నికి ఠక్కున అర్థమైంది. పళ్లెం మీది చుక్క ఒకటి, బాణలి అడుగున పట్టేది ఒకటి. చుక్కను ఎప్పటికప్పుడు తుడిచేయొచ్చు. అడుగు మాత్రం రోజంతా ఏం వండారో దాచిపెట్టుకుంటుంది. మళ్లీ కూర్చుని చెయ్యి చాపింది.

"రిపోర్టు సాయంత్రం డాక్టరమ్మ దగ్గర ఉంటుంది. పరగడుపు పరీక్షకి రేపు రండి," అంది అమ్మాయి దూది నొక్కుతూ. "నాకకుండా."

కార్ఖానాకు తిరిగొచ్చిన పిన్ని గుమ్మంలోనే ప్రకటించింది. "షుగరు నాక్కాదు, జామ్‌కి." అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, "అదే కదా మనం అమ్మేది," అన్నాడు. సీసాలక్క ఒక్కతే నవ్వలేదు. అంతా విని, తడిచేతులు తుడుచుకుని దగ్గరకొచ్చింది.

"రోజుకి ఎంత నాకుతావే?"

"ఎంతుంటుంది అక్కా, వేలి తడి."

"చూద్దాం." ఒక శుభ్రమైన సీసా తెచ్చి పొయ్యి పక్కన అరుగు మీద పెట్టింది. "ఇవాళ ఆ వేలు నోటికి పోకూడదు. పోబోయినప్పుడల్లా ఈ సీసా అంచుకి తుడువు."

"నీకు వేరే పని లేదా?"

"ఉంది. ఇన్నేళ్లుగా నీ వేలిని చూడ్డమే నా రెండో పని."

అనాసపండు బాణలి ఎక్కింది. మొదటి ముడత దగ్గరే వేలు దారి పట్టింది. తొట్టి వైపు నుంచి సీసాలక్క గొంతు సవరించుకుంది. వేలు గడ్డం దాకా వెళ్లి, చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగి, సీసా అంచుకు రాసుకుంది. అక్కడితో అయిపోతుందనుకుంది పిన్ని. అవలేదు. చుక్క ముడత పడకపోతే రెండో చుక్క, ఆ తరువాత మూడోది. తెడ్డు అంచున గడ్డకట్టినది చేత్తో తీస్తే అదీ నోటికే పోయేది. సీసాల్లోకి పోసేటప్పుడు గరాటు పక్కన కారినది, బాణలి గోడలకు పట్టి తోలులా ఊడొచ్చేది, అదైతే ఆమెకు ప్రాణం. ఇవన్నీ తను తింటోందని పిన్నికి ఈ రోజు దాకా నిజంగా తెలియదు. ఒక్కొక్కసారి సీసాలక్క దగ్గు వినపడ్డాకే, చెయ్యి గాల్లో ఉందని తెలిసేది.

"ఒసేయ్, గొంతు నొప్పెడుతోంది. కాస్త నువ్వే చూసుకో," అంది సీసాలక్క ఒకసారి.

ద్రాక్ష ఉడుకుతుండగా వేలు చురుక్కుమంది. చుక్క చల్లారకముందే తోసింది. అలవాటుగా నోటికి పోతున్న చేతిని పక్కనే ఉన్న కుళాయి కింద పెట్టింది. చల్లటి నీళ్లు వేలి మీద పడుతుంటే ఉన్నట్టుండి ఆమెకు తన మొదటి రోజు గుర్తొచ్చింది. కొత్తగా పెళ్లై, ఈ గదిలోకి పనికొచ్చిన రోజు. తెడ్డు ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. మొట్టమొదటి చుక్కను తోస్తే వేలు కాలింది. అందరూ చూస్తున్నారని అరవలేదు, గబుక్కున నోట్లో పెట్టుకుంది. మంట చల్లారింది, పైగా తియ్యగా ఉంది. అంతే, అక్కడ మొదలైంది. కాలిందని పెట్టుకున్న వేలు, కాలకపోయినా పెట్టుకుంటూనే ఉంది. ఆ రోజు ఈ కుళాయి ఇంకా వేయలేదు కూడా.

పని దిగేవేళకు పిన్ని సీసా ఎత్తి చూసింది. భుజం దాకా నిండింది. అడుగున అనాస లేత పసుపు, మధ్యలో మళ్లీ వండిన నారింజ, పైన ద్రాక్ష ముదురు ఊదా. వరసలు వరసలుగా, దుకాణంలో పెట్టినా ఎవరైనా కొనుక్కుపోయేంత అందంగా ఉంది.

"ఇది ఒక్క రోజుదేనా?" అంది.

"పొద్దున నాకింది ఇందులో లేదు," అంది సీసాలక్క, కోటు విప్పుకుంటూ.

సాయంత్రం ఆయన వచ్చాడు, మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి. ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. డాక్టరమ్మ నెమ్మది మనిషి, కాగితాన్ని బల్ల మీద వాళ్ల వైపు తిప్పి పెట్టింది.

"మూడు నెలల సగటు ఆరు పాయింట్ ఒకటి వచ్చింది. అయిదు పాయింట్ ఏడు లోపుంటే మామూలు. ఆరున్నర, ఆ పైన వస్తే మధుమేహం, అది కూడా రెండోసారి చూశాకే అంటాం. మీరు ఈ రెండిటి మధ్యలో ఉన్నారు. లోపలికి పోలేదు. గుమ్మంలో నిలబడ్డారు."

గుమ్మం అనగానే పిన్నికి కుర్చీ కనిపించింది. ఎప్పుడూ మాట్లాడే మనిషి మాట్లాడకపోయేసరికి ఆయన కంగారుపడి, "వెనక్కి రావచ్చా అమ్మా?" అని అడిగాడు.

"చాలామంది వస్తారు. వాళ్లమ్మగారికి షుగరు ఉండేదని చెప్పారు కాబట్టి ఈవిడ కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రోజూ నడవాలి. బరువు కొంచెం తగ్గాలి. రేపు పరగడుపు పరీక్ష కూడా చేసుకుని, ఆ తరువాత కొన్ని నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. ఈ మధ్య బరువు పెరిగారా?"

"లేదమ్మా, నేనెప్పుడూ ఇంతే," అంది పిన్ని. "నా కోటు కొలత కూడా మారలేదు."

ఆయన దగ్గాడు. సీసాలక్క దగ్గులా లేదది, దొంగ దొరికిన దగ్గులా ఉంది. "ప్రతి ఏడూ కుట్లు విప్పి కాస్త వదులు చేస్తున్నాను," అన్నాడు టేపును వేళ్లకు చుట్టుకుంటూ. "ఇక విప్పడానికి గుడ్డ మిగల్లేదు."

"ఒక్కసారైనా చెప్పారా నాకు?"

"చెబితే నీ నవ్వు ఆగిపోతుందని చెప్పలేదు."

పిన్ని సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇదేంటి?"

"ఇవాళ నా నోటికి పోవాల్సింది." ఇంక దాచుకోలేక అసలు మాట అడిగేసింది. "నన్ను బాణలి దగ్గర నుంచి లేచిపొమ్మంటారా?"

"జామ్ అయిందో లేదో చూసేది ఏది పిన్నిగారూ?"

"కన్ను. వేలు."

"మరి నాలుక?"

పిన్ని ఆలోచించింది. బుడగలు పెద్దవైనప్పుడు ఎంత శ్రద్ధగా ఆలోచిస్తుందో అంత శ్రద్ధగా. "దాని పనేం లేదమ్మా," అంది చివరికి. "ఊరికే తోడొస్తుంది."

"అయితే దాన్ని ఇంట్లో వదిలి వెళ్లండి. మీరు వెళ్లండి పనికి."

పిన్ని ముఖం విచ్చుకుంది. కుర్చీ చప్పుడయ్యేలా లేచింది. "నేను వదిలి వెళ్లినా అది ఊరుకోదు, ఈయనతో మాట్లాడుతూ కూర్చుంటుంది," అంది. డాక్టరమ్మ కూడా నవ్వేసింది.

బయటికొస్తుంటే రక్తం తీసే అమ్మాయి సీసా పట్టుకుని వెనకే వచ్చింది. "పిన్నిగారూ, ఇది మరిచిపోయారు."

"మరిచిపోలేదమ్మా. వేలు పెట్టినది ఎవరికి పెడతాను? ఇంటికి తీసుకెళ్తే రాత్రికి ఉండదు. నీ దగ్గరే ఉంచు. ఇంకెవరైనా తినలేదు, నాకానని వస్తే చూపించు."

"రేపు పరగడుపున..."

"సబ్బుతో కడుక్కుని మరీ వస్తాను."

రోజూ వెళ్లే అడ్డదారి వదిలేసి, పార్కు చుట్టూ తిరిగి పోయే దూరపు దారి పట్టారు ఇద్దరూ. "పంచదార డబ్బా దొరికిందా?" అని ఆమె అడగడం, "వెతక్కు, దొరికితే మళ్లీ దాచాలి," అని ఆయన అనడం, ఆ వెనక ఆమె నవ్వు, మలుపు దాకా వినిపించాయి. తరువాత వీధి సద్దుమణిగింది.

అమ్మాయి గదిలోకి వెళ్లి, ఆ సీసాను ఎక్కడ పెట్టాలో తోచక, కిటికీ గట్టు మీద గొట్టాల స్టాండు పక్కనే పెట్టి, కోటు తగిలించి వెళ్లిపోయింది. రక్తం గొట్టాల పక్కన, పేరు చీటీ లేని ఆ సీసా, పసుపు మీద నారింజ, నారింజ మీద ఊదా, అంచున ఒక వేలు రాసుకుపోయిన చార, చివరి ఎండ తనలోంచి దూరి వస్తుంటే తీరిగ్గా వెలుగుతూ ఉండిపోయింది.